బంతిలో వలపక్షం లేని పండుగ వంట



క్రిస్మస్ దగ్గర పడుతోంది. గుణదల కొండ దగ్గర్నుంచి బందరు దాకా, గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. ఇరవై అయిదో తేదీ ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చాక జరిగే మధ్యాహ్న భోజనం గురించి ఈ రోజు మీతో మాట్లాడతాను.

మన కృష్ణా డెల్టాకు ఈ పండుగ కొత్తది కాదు. హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు మిషనరీలు బందరులో దిగింది 1841లో. నోబుల్ పేరుతో అక్కడ కాలేజీ ఇప్పటికీ ఉంది. ఇన్ని తరాలుగా పక్కపక్కనే బతుకుతున్నాం కాబట్టి క్రిస్మస్ భోజనానికి ఇంట్లోవాళ్లు మాత్రమే కూర్చోరు. పక్కింటివాళ్లు వస్తారు, పిల్లల స్నేహితులు వస్తారు, ఆఫీసులో తోటివాళ్లు వస్తారు. వాళ్లలో మాంసం ముట్టనివాళ్లుంటారు. సొంత ఇంట్లోనూ ఉంటారు. గుండె జబ్బు వచ్చి వేటమాంసం మానేసిన మావయ్య, మనసొప్పక మానేసిన కాలేజీ పిల్ల, శాకాహారుల ఇంటి నుంచి వచ్చిన కోడలు. వీళ్లకు మనం ఏం పెడుతున్నాం? అందరికీ మటన్ పలావూ కోడి వేపుడూ వడ్డిస్తూ, వీళ్ల కోసం ఓ చిన్న గిన్నెలో పప్పో, బంగాళాదుంప వేపుడో చేసి పక్కన పెడుతున్నాం. పెట్టేది ప్రేమతోనే. కానీ పండుగ వంటకు పడిన శ్రమలో పదో వంతు కూడా ఆ గిన్నె మీద పడలేదని తినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

బంతిలో వలపక్షం కూడదంటారు పెద్దలు. నేను చెప్పదలచుకున్నదీ అదే. పండుగ భోజనంలో అందరూ తినగలిగే పెద్ద వంటకం ఒక్కటైనా ఉండాలి. మాంసానికి ఎంత మసాలా నూరుతామో, ఎంతసేపు పొయ్యి దగ్గర నిలబడతామో, దానికీ అంత చేయాలి. అలాంటిది ఒకటి ఇవాళ చెబుతాను. సోయా పనీరుతో, అంటే టోఫూతో చేసే నిండు రోస్టు. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు ఏవీ పడవు. జంతువుల నుంచి వచ్చిన దినుసు ఒక్కటీ ఉండదు.

మాంసం లేకపోతే విందు ఏముంటుంది అని కొందరికి అనిపించవచ్చు. మన డెల్టాలో ఆ మాటకు జవాబు ఎప్పటినుంచో ఉంది. పెళ్లి బంతిలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వస్తోందంటే మాంసాహారులు కూడా విస్తరిలో చోటు ఉంచుకుంటారు. పచ్చి పనసకాయను పొట్టుగా కొట్టడం చేయి తిరిగినవాళ్ల పని. గుత్తి వంకాయ, కంద బచ్చలి, కార్తీక వనభోజనాల్లో పులిహోర, ఇవన్నీ శ్రమపడి చేసిన వంటలు కాబట్టే విందు వంటలయ్యాయి.

ఇక గింజల సంగతి. కనుమ నాడు మినుము తినాలని సామెత. ఆ మినుము మన చేలల్లోదే. వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడి ఉన్న వరిలోనే మినుము విత్తనం చల్లుతారు. వరి కోసేసరికి మొలకలు లేచి ఉంటాయి. నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికి వస్తుంది. దీన్నే వరి మాగాణి మినుము అంటారు.  ఆ మినప్పప్పును నానబెట్టి, రుబ్బి, గారెగా మార్చి పండుగ చేసుకునే మనకు ఇంకో గింజను నానబెట్టి, రుబ్బి, పనీరుగా మార్చడం కష్టమేమీ కాదు.

సోయా చిక్కుడు మన డెల్టాలో పెద్ద పంట కాదు. దేశంలో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్ రాష్ట్రాల్లో ఎక్కువ పండుతుంది. తెలుగు నేల మీద ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ వైపు వేస్తారు. మినుముల్లో మాంసకృత్తులు వందకు 25 పాళ్ల దాకా ఉంటే, సోయా గింజల్లో 36 నుంచి 40 పాళ్లు ఉంటాయి. పైగా మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉన్నాయి. సోయా మనకు మీల్ మేకర్ రూపంలో ఇప్పటికే తెలుసు. మీల్ మేకర్ నూనె తీసేసిన సోయా పిండిని యంత్రంలో ఒత్తి చేసేది. టోఫూ అలా కాదు. గింజల నుంచి పాలు తీసి, ఆ పాలను విరిచి, గుడ్డలో కట్టి, బరువు పెట్టి చేసేది.

టోఫూ పుట్టింది చైనాలో. హాన్ వంశపు రాజకుమారుడు ల్యూ ఆన్ కనిపెట్టాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. బౌద్ధ ఆరామాల్లో మాంసం ముట్టని భిక్షువుల వంటశాలల్లో ఇది ఎన్నో రూపాలు తొడిగింది. అమెరికాలో థాంక్స్ గివింగ్ పండుగకు టర్కీ కోడిని నిండుగా కాల్చి బల్ల మధ్యలో పెట్టడం ఆనవాయితీ. మాంసం తినని అతిథి ఆ బల్ల దగ్గర ఏం తినాలనే ప్రశ్న అక్కడా వచ్చింది. ఆరెగాన్ రాష్ట్రంలో సేత్ టిబట్ అనే ఆయన స్థాపించిన కంపెనీ 1995లో 'టోఫర్కీ' పేరుతో లోపల కూరు పెట్టిన టోఫూ రోస్టును అమ్మకానికి తెచ్చింది. ఈ కథలో మనకు దగ్గరి పేరు ఇంకొకటి ఉంది. శాకాహారాన్ని ప్రోత్సహించే సెవెంత్ డే అడ్వెంటిస్టు క్రైస్తవులు సోయా వంటకాలను ప్రపంచానికి అలవాటు చేయడంలో ముందున్నారు. వాళ్లలో హ్యారీ మిల్లర్ అనే వైద్యుడు 1930లలోనే షాంఘైలో సోయా పాలు తయారుచేయించాడు. మన నూజివీడులో 1925 నుంచి ఉన్న గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ఆ సంఘానిదే. కాబట్టి క్రిస్మస్ పండుగకూ మాంసం లేని భోజనానికీ పొసగదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

సరే, ఇక పొయ్యి దగ్గరికి వెళ్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఎనిమిది మందికి కొలతలు చెబుతాను.

ముందు టోఫూ. సూపర్ మార్కెట్లో దొరికితే గట్టి రకం ఒక కిలో తెచ్చుకోండి. మెత్తగా వణికే రకం దీనికి పనికిరాదు. ఇంట్లో చేసుకుంటామంటే అరకిలోకు కాస్త ఎక్కువగా సోయా గింజలు తీసుకోండి. రాత్రంతా, చలికాలం కాబట్టి కనీసం పది గంటలు నానబెట్టండి. నానిన గింజను రెండుగా విరిచి చూడండి. లోపల మధ్యభాగం కూడా ఒకే రంగులో ఉంటే సరిగ్గా నానినట్టు. మినప్పొట్టు తీసినట్టే చేత్తో పిసికి పొట్టు తీసేసి, వేడినీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బండి. చన్నీళ్లతో రుబ్బితే సోయాకుండే పచ్చి వాసన ఎక్కువవుతుంది. వేడినీళ్లు ఆ వాసనను అక్కడికక్కడే అణుస్తాయి. మొత్తం మీద నాలుగైదు లీటర్ల నీళ్లు పడతాయి. పల్చని పంచె గుడ్డలో వేసి గట్టిగా పిండితే పాలు దిగుతాయి. గుడ్డలో మిగిలిన పిప్పిని పారేయకండి. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి వడలు వేసుకోవచ్చు.

ఆ పాలను మందపాటి గిన్నెలో పోసి కలుపుతూ కాచండి. ఒక హెచ్చరిక. సోయా పాలు నిజంగా మరగకముందే నురగ ఒక్కసారిగా పైకి వస్తుంది. అది చూసి మరిగిందనుకుని దించేయకూడదు. మంట తగ్గించి, నురగ అణిగాక మరో పది నిమిషాలు సన్నగా మరగనివ్వాలి. పచ్చి సోయాలో అరుగుదలకు అడ్డుపడే పదార్థాలుంటాయి, వాటి పని పట్టేది ఈ మరుగే. తరవాత పొయ్యి ఆపి, అయిదు నిమిషాలు ఆగి, నాలుగైదు పెద్ద నిమ్మకాయల రసాన్ని గ్లాసు నీళ్లలో కలిపి మూడు విడతలుగా పోయండి. పోసిన ప్రతిసారీ గరిటెతో ఒక్క చుట్టు తిప్పి వదిలేయాలి. ఎక్కువ తిప్పితే విరుగు పొడిపొడి అయిపోతుంది. కాసేపటికి తెల్లటి విరుగు మబ్బుల్లా తేలి, మధ్యలో లేత పసుపు రంగు నీళ్లు తేటగా కనిపిస్తాయి. నీళ్లు ఇంకా పాలలాగే ఉంటే మరికాస్త రసం పోయండి. తేట పడ్డాక గుడ్డలో వడకట్టి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, మూటకట్టి, పైన బరువు పెట్టండి. గంటలో గడ్డ కడుతుంది.

ఇప్పుడు రోస్టుకు అచ్చు వేయాలి. ఈ వంట అంతా దీని మీదే ఆధారపడి ఉంది. కిలో టోఫూను చేత్తో రవ్వలా నలపండి. అందులో ఒకటిన్నర టీ స్పూన్ల ఉప్పు, ఒక పెద్ద స్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక టీ స్పూను మిరియాల పొడి, మూడు పెద్ద స్పూన్ల కార్న్ ఫ్లోర్ వేసి చపాతీ పిండి కలిపినట్టు బాగా మర్దించండి. టోఫూకు సొంత రుచి దాదాపు లేదు. పైన ఎంత మసాలా పూసినా లోపల ఉప్పు లేకపోతే చప్పగా ఉంటుంది. అందుకే ఉప్పు ఇక్కడే పడాలి. చిన్న ముద్ద పెనం మీద కాల్చి రుచి చూసి, చాలకపోతే ఇప్పుడే సరిచేసుకోండి.

గుండ్రటి అడుగున్న చిల్లుల గిన్నె ఒకటి తీసుకుని తడిపి పిండిన గుడ్డ పరవండి. నలిపిన టోఫూ అంతా అందులో వేసి అదమండి. పైన గుడ్డ కప్పి, ఒక పళ్లెం బోర్లించి, దాని మీద రెండు మూడు కిలోల బరువు పెట్టండి. చిన్న రోలో, నీళ్ల డబ్బానో చాలు. కింద మరో గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లారేసరికి కింది గిన్నెలో నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు టోఫూలోనే ఉండిపోతే మసాలా లోపలికి దిగదు, కోసినప్పుడు ముక్క విరిగిపోతుంది. వేలితో నొక్కి చూస్తే తడి అంటకూడదు. అంటితే ఇంకో గంట బరువు కిందే ఉంచండి. ఈ పనిలో తొందరపడితే మిగతా కష్టమంతా వృథా.

ఇక లోపలి కూరు. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించండి. పావుకిలోకు కాస్త తక్కువగా పుట్టగొడుగులు తరిగి వేసి, వాటిలోని నీరంతా ఇగిరేదాకా పెద్ద మంట మీద వేయించండి. గుప్పెడు జీడిపప్పు పలుకులు, రెండు పచ్చిమిర్చి, గుప్పెడు పుదీనా, కొత్తిమీర, అర టీ స్పూను గరం మసాలా, ఉప్పు వేయండి. చివర్లో మూడు పెద్ద స్పూన్ల పుట్నాల పొడి కలిపితే మిగిలిన చెమ్మ పీల్చుకుని కూరు ఉండ కడుతుంది. పుట్టగొడుగులు తినని ఇళ్లలో ఉడికించిన పచ్చి బఠాణీ వేసుకోండి. కూరు పూర్తిగా చల్లారాలి.

పైపూతకు మసాలా నూరుకోవాలి. రెండు పెద్ద స్పూన్ల ధనియాలు, ఒక స్పూను జీలకర్ర, ఒక పెద్ద స్పూను గసగసాలు, నాలుగు లవంగాలు, రెండు యాలకులు, వేలెడు దాల్చినచెక్క, రెండు స్పూన్ల ఎండుకొబ్బరి. వీటిని విడివిడిగా దోరగా వేయించండి, ఒక్కోటి వేగే సమయం ఒక్కోలా ఉంటుంది. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలతో కలిపి నూరండి. రెండు టీ స్పూన్ల గుంటూరు కారం, చిటికెడు పసుపు, ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, నాలుగు పెద్ద స్పూన్ల నువ్వుల నూనె కలపండి. చిన్న బెల్లం ముక్క కూడా వేయండి, రోస్టు పైభాగం ఎర్రగా రావడానికి అది సాయపడుతుంది.

పండుగ రోజు పొద్దున బరువు తీసి, గిన్నెలో ఉన్న టోఫూ మధ్యలో స్పూనుతో గుంట చేయండి. చుట్టూ, అడుగునా వేలి మందం మిగలాలి. తీసిన టోఫూను పక్కన ఉంచి, గుంటలో కూరు నింపి నొక్కి, తీసినదాంతో పైన కప్పేసి గట్టిగా అదమండి. నూనె రాసిన పళ్లెంలోకి బోర్లించి గుడ్డ తీసేస్తే నున్నటి గుమ్మటంలా నిలబడుతుంది. మసాలాను మూడు వాటాలు చేసి, మొదటి వాటా అంతటా పట్టించి అరగంట వదిలేయండి.

ఓవెన్ ఉన్నవాళ్లు 200 డిగ్రీల్లో అరగంట రేకు కప్పి, తరవాత రేకు తీసి మరో అరగంట కాల్చండి. రేకు తీసినప్పుడు రెండో వాటా, పదిహేను నిమిషాల తరవాత మూడో వాటా పూయండి. ఓవెన్ లేనివాళ్లు మన ఇళ్లల్లో కేకు చేసే పద్ధతే పట్టండి. మందపాటి పెద్ద డబరాలో రెండంగుళాల మేర శుభ్రమైన ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. ఇసుక మీద స్టాండు పెట్టి, దాని మీద రోస్టు పళ్లెం దింపి, మూత పెట్టి మధ్యస్థపు మంట మీద గంటసేపు ఉంచండి. మధ్యలో రెండుసార్లు మూత తీసి మసాలా పూయాలి. ఇలా చేస్తే పైభాగం ఓవెన్లో అంత ఎర్రబడదు. అందుకని దించాక చిన్న మూకుడులో నూనె బాగా కాచి, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు వేసి, చిటపటలాడుతుండగానే రోస్టు మీద పోయండి. పది నిమిషాలు ఆగి, పదునైన కత్తితో కేకులా కోయండి. వేడివేడిగా కోస్తే కూరు జారిపోతుంది.

దీని పక్కన కొబ్బరిపాలు పోసి చేసిన పలావు, జీడిపప్పు నూరిపోసిన ఉల్లిపాయ గ్రేవీ బాగుంటాయి. గోంగూర పచ్చడి మన బల్ల మీద ఎటూ ఉంటుంది.

కొన్ని జాగ్రత్తలు. ఒకటి, మాంసం వండిన గిన్నె, గరిటె, కోడి వేయించిన నూనె దీనికి వాడకండి. అతిథి అడగరు, మొహమాటపడతారు. మనమే ముందుగా గిన్నెలు విడిగా పెట్టి, ఆ మాట వాళ్లకు చెప్పాలి. అప్పుడు మనసు కుదుటపడి తింటారు. రెండు, సోయా కొందరికి పడదు. దద్దుర్లు, వాపు వచ్చిన చరిత్ర ఉంటే పెట్టకండి. జీడిపప్పు విషయంలోనూ ఇంతే. మూడు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయా వంటకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉండేలా చూసుకోవాలి, సోయా ఆ మందును సరిగా ఒంటబట్టనివ్వదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి. నాలుగు, ఇంట్లో చేసిన టోఫూను నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

పని చాలా ఉందే అనిపిస్తోందా? నిజమే, ఉంది. కానీ మటన్ తెచ్చి, కడిగి, మసాలా పట్టించి, ఉడికించడంలో పని లేదా? పండుగ వంటకు ఆ విలువ వచ్చేదే దాని వెనకున్న పని వల్ల. ఇది ఒక్క ఇల్లాలి మీదే పడకూడదు. గుడ్డలో పాలు పిండటానికి బలమైన చేతులు కావాలి, అది ఇంట్లో మగవాళ్లకు అప్పగించండి. పొట్టు తీయడం పిల్లలకు సరదా పని.

రోజుల లెక్క ఇంకోసారి చెబుతాను. 23 రాత్రి గింజలు నానబెట్టండి. 24 పొద్దున పాలు తీసి విరవండి, మధ్యాహ్నానికి టోఫూ సిద్ధం. ఆ సాయంత్రం నలిపి, ఉప్పు కారాలు కలిపి, చిల్లుల గిన్నెలో బరువు పెట్టండి. కూరు, మసాలా ఆ రాత్రే చేసి పెట్టుకోండి. 25 పొద్దున కూరు నింపి మసాలా పట్టించి, ఆరాధన నుంచి రాగానే కాల్చడం మొదలుపెడితే గంటన్నరలో భోజనానికి కూర్చోవచ్చు. టోఫూ కొని తెచ్చుకునేవాళ్లకు పని 24 సాయంత్రం నుంచే.

ఒక్క మనవి. ఈ రోస్టును "ఇది శాకాహారులకు" అని చెప్పి పక్కన పెట్టకండి. బల్ల మధ్యలో పెట్టండి. మాంసం తినేవాళ్లకూ తిననివాళ్లకూ వరసగా ఒక్కో ముక్క వడ్డించండి. ఒకే వంట అందరి విస్తట్లోనూ పడినప్పుడు, ఆ అతిథికి తన కోసం ఎవరో ఇబ్బంది పడ్డారన్న బరువు ఉండదు. మనతో కలిసి పండుగ చేసుకున్నానన్న తృప్తితో లేస్తారు. పొరుగువారిని భోజనానికి పిలవడంలో ఉన్న అర్థం అదే కదా.